సింహాసన మెవ్వరిది?

మనుష్యునకు అధికారము మూడు విధములుగా లభించును. పుట్టుకచే వచ్చునది యొకటి. ప్రయత్నముచే వచ్చునది రెండవది. ఈ రెండును గాక, కోరకుండ, ఎదురుచూడకుండ, ఒకనాడు హఠాత్తుగా వచ్చి భుజములపై వ్రాలునది మూడవది. మొదటి రెండింటికిని మనుష్యుడు కొంత సిద్ధపడియుండును. మూడవదానికి సిద్ధపడుట సాధ్యము కాదు. కనుకనే మన పెద్దలు దానిని గూర్చి కథలు చెప్పిరి, కావ్యములు వ్రాసిరి, పురాణములలో పదేపదే హెచ్చరించిరి.

మన యిండ్లలో అవ్వలు చెప్పు కథ నొకదానిని జ్ఞప్తికి తెచ్చుకొందము. ఒక దేశపు రాజు సంతానము లేక మరణించెను. మంత్రులు ఆలోచించి పట్టపుటేనుగు తొండమున పూలమాల నుంచి వీథులలో విడిచిరి. ఏనుగు మంత్రికుమారులను దాటెను, సేనాపతులను దాటెను, కోటీశ్వరుల మేడలను దాటెను. ఊరి చివర సత్రపు అరుగుపై నిద్రించుచున్న బాటసారి మెడలో ఆ మాలను వేసెను. ఉదయమున కూటికి లేనివాడు సాయంకాలమునకు రాజయ్యెను. ఈ కథ విన్న ప్రతి బాలుడును ఆ బాటసారి తానే యని తలచి సంతోషించును. అందు తప్పు లేదు. కాని మాల పడిన మరునాడు ఏమి జరిగినది? ఒక కథలోని బాటసారి తన చిరిగిన కంబళిని పెట్టెలో భద్రపరచుకొని, ప్రతిదినమును తలుపు మూసికొని దానిని చూచుకొని, ఆ తరువాతనే సభకు పోవును. మరియొక కథలోనివాడు తనతో సత్రములో పండుకొన్న మిత్రుని గుర్తింపక భటులచే గెంటించును. మాల వేయుట ఒక్కటే ఏనుగు చేయగల పని. ఆ మాలకు తగినవాడగుట ఏనుగు చేతిలో లేదు.

ఇట్లు అకస్మాత్తుగా అధికారము పొందిన వారసుని ముందర నిలుచు ప్రశ్న ఒక్కటే. నాకు వచ్చిన ఈ పీఠము నా ఆస్తియా? లేక నాకు ఒప్పగింపబడిన సొమ్మా? దీనికి అతడు నోటితో చెప్పు సమాధానము ముఖ్యము కాదు. నడవడితో చెప్పు సమాధానమును బట్టియే అతని కథ నడచును.

మంచె మీది మనిషి

క్రీస్తుశకము 15వ శతాబ్దమున తెలంగాణమునకు చెందిన కొఱవి గోపరాజు “సింహాసన ద్వాత్రింశిక”ను తెలుగున రచించెను. భోజరాజునకు విక్రమార్కుని సింహాసనము దొరికిన వృత్తాంతము ఆ కథలకు మొదలు. ఒక బ్రాహ్మణుడు చేను వేసి, కాపలాకై మంచె కట్టుకొనెను. మంచెపై నున్నంతసేపు అతడు దారిన పోవువారిని పిలిచి, చేనిలోనికి వచ్చి కడుపునిండ తినుడని ఆదరించును. మంచె దిగగానే వారినే దొంగలని తిట్టి తరుమును. ఇది విని భోజుడు ఆశ్చర్యపడి తానే మంచె నెక్కిచూచెను. అతని మనస్సునకును ఔదార్యము కలిగెను. అక్కడ త్రవ్వింపగా ముప్పదిరెండు బొమ్మలు గల సింహాసనము బయల్పడెను.

ఈ కథయందు రెండు రహస్యములున్నవి. పీఠమునకు ఒక మహిమ కలదు. దానిపై కూర్చున్నంతసేపు పిసినారియు దాతవలె మాటలాడును. అది అతని గుణము కాదు, పీఠపు గుణము. దిగినప్పుడు మిగిలినదే అతని సొంతము. రెండవ రహస్యము ఇంకను గొప్పది. భోజుడు సింహాసనమును ఎక్కబోయిన ప్రతిసారియు ఒక బొమ్మ అడ్డగించి, విక్రమార్కుని త్యాగకథ నొకదానిని చెప్పి, అంతటి గుణము నీకు గలదేని కూర్చుండుమని పలికెను. భోజుడు కోపింపలేదు, బొమ్మలను పెరికించి పారవేయలేదు. నిలుచుండి వినెను. అనుకొనని పీఠము దొరికినవాడు మొట్టమొదట చేయవలసిన పని ఇదియే. కూర్చుండుటకు ముందు వినవలెను.

దక్షుడు చెప్పిన సమాధానము

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలమందలి బొంతపల్లి యనగానే అందరికిని శ్రీ వీరభద్రస్వామివారి ఆలయము స్ఫురించును. వైష్ణవ గృహస్థులును ఆ దారిన పోవునపుడు స్వామికి చేతులు జోడింతురు. వీరభద్రావిర్భావ కథను మనము భాగవతము చతుర్థ స్కంధమున చదువుచుందుము. అది శివాపరాధ కథయని మాత్రమే తలచి ముందునకు సాగిపోవుదుము. కాని వ్యాసభగవానుడు ఆ కథ నడుమ ఒక చిన్న మాటను పొందుపరచినాడు. దానిని ప్రాయికముగా ఎవ్వరును గమనింపరు.

దక్షునకు శివునిపై కోపము మొదటినుండియు గలదు. అయినను అంతవరకు అతడు ఒక ప్రజాపతి మాత్రమే. తరువాత బ్రహ్మ అతనిని ప్రజాపతులందరికిని అధిపతిగా అభిషేకించెను. అభిషేకము జరిగిన క్షణముననే దక్షునకు గర్వము కలిగినదని భాగవతము చెప్పుచున్నది. ఆ గర్వముతోనే అతడు బృహస్పతిసవమను యజ్ఞము నారంభించి, అల్లుడైన పరమేశ్వరునకు ఆహ్వానము పంపకుండెను. పిలువని పేరంటమునకు వచ్చిన కన్నకూతురు సతీదేవిని ఆదరింపకుండెను. ఆమె దేహత్యాగము చేసెను. శివుని జటనుండి వీరభద్రుడు ఉద్భవించెను. తరువాత జరిగినది అందరెరిగినదే.

ఇక్కడ విష్ణుభక్తులు గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. ఈ వినాశమును ముందే యెరిగి శ్రీమన్నారాయణుడును బ్రహ్మయు ఆ యజ్ఞమునకు పోలేదు. దక్షునకు మేకతల అతికి, శివుని క్షమాపణ వేడి, యజ్ఞము మరల సాగినప్పుడు మాత్రమే శ్రీహరి ప్రత్యక్షమై, తనకును బ్రహ్మరుద్రులకును భేదము చూడనివాడే శాంతి పొందునని బోధించెను. అనగా, వచ్చిన పదవిని తన సొత్తుగా ఎంచి అహంకరించినవాడు చేయు యజ్ఞమునకైనను భగవంతుడు రాడు. బొంతపల్లి వీరభద్రుని చేతికత్తి శైవులకొక గుర్తు, వైష్ణవులకొక గుర్తు కాదు. కొత్తగా పదవినెక్కిన ప్రతివానికిని అది గుర్తు.

భరతుడు చెప్పిన సమాధానము

దక్షునకు ఎదురుగా నిలుపదగినవాడు భరతుడు. అయోధ్యాసింహాసనమునకు అతడు ఎదురుచూడని వారసుడు. రాజ్యము తనదైన సమయమున అతడు ఊరిలోనే లేడు, మేనమామ యింట నుండెను. తిరిగివచ్చునప్పటికి తండ్రి గతించెను, అన్న అడవుల కేగెను, సింహాసనము తనకై కాచుకొనియుండెను. దానిని గ్రహించుటకు న్యాయశాస్త్రమున ఏ అడ్డమును లేదు. తండ్రి ఇచ్చిన వరము, తల్లి కోరిక, వసిష్ఠాదుల ప్రోత్సాహము, తుదకు అన్నగారి అంగీకారము, అన్నియు నున్నవి. అయినను భరతుడు, రాజ్యముతోపాటు తానును రామునికి చెందినవాడనే యని నిండుసభలో ప్రకటించెను.

కొందరు భరతుడు రాజ్యమును త్యజించెననుకొందురు. అది సరికాదు. త్యజించి పోయియుండినచో కోసలదేశము అరాచకమై యుండెడిది. భరతుడు చేసినది త్యాగముకంటె కష్టమైనది. బరువును మోసెను, కాని బిరుదును మోయలేదు. పాదుకలకు పట్టముగట్టి, వానికి ఛత్రచామరములు పట్టించి, ప్రతి రాజకార్యమును ముందుగా వానికి నివేదించి, తాను నందిగ్రామమున నారచీరలతో పదునాలుగు సంవత్సరములు పరిపాలించెను.

రావణవధానంతరము శ్రీరాముడు తిరిగివచ్చినప్పుడు భరతుడు చేసిన మొదటి పనులలో ఒకటి లెక్క ఒప్పజెప్పుట. ధనాగారమును, ధాన్యాగారమును, సైన్యమును స్వామి తేజస్సుచే పదిరెట్లు చేసితినని విన్నవించి, స్వయముగా పరీక్షింపుమని వేడుకొనెను. పట్టాభిషేక ఘట్టమును పారాయణము చేయువారు ఈ చోట ఒక్క నిమిషము ఆగవలెను. “నీ కొరకు నేనెంత బాధపడితినో” యని అతడు చెప్పలేదు. లెక్క చూడుమనెను. ధర్మకర్తకు భక్తికి నిదర్శనము కన్నీరు మాత్రమే కాదు, లెక్క కూడ.

మన సంప్రదాయమున పెద్దలు లక్ష్మణుని శేషత్వమునకును, భరతుని పారతంత్ర్యమునకును ఉదాహరణముగా చూపుదురు. పారతంత్ర్యమనగా చేతకానితనము కాదు. సర్వసమర్థుడై యుండియు, ఈ సామర్థ్యము స్వామిదే యని యెరిగి ప్రవర్తించుట. దేవాలయమున అర్చకస్వామి మన తలపై శఠారి నుంచునపుడు మనకు లభించునవి ఆ పాదుకలే. పదవి గలవాడును, పదవి లేనివాడును దానిక్రింద ఒకేవిధముగా తల వంచవలెను.

తాతగారి నిధి

మన తెలుగు కావ్యములలో ఇట్టి వారసుని కథను గొప్పగా చెప్పినది శ్రీకృష్ణదేవరాయల “ఆముక్తమాల్యద”. ఆ కవియే అట్టి వారసుడు. 1509లో అన్నయైన వీరనరసింహరాయల తరువాత ఆయన సింహాసన మెక్కెను. అన్నగారు తన చిన్నకుమారునికి రాజ్యము దక్కవలెనని తమ్ముని కన్నులు తీయింపుమని ఆజ్ఞాపింపగా, మంత్రి తిమ్మరుసు మేక కన్నులను చూపి రాయలను కాపాడెనని పోర్చుగీసువాడైన న్యూనిజ్ వ్రాసెను. చరిత్రకారులందరును ఈ కథను నమ్మరు. అయినను ప్రజలు దానిని నాలుగు శతాబ్దములకు పైగా చెప్పుకొనుచునే యున్నారు. రాయలు 1513 మొదలు 1521 వరకు ఏడుసారులు తిరుమలకు వచ్చి శ్రీవేంకటేశ్వరుని సేవించెను. దేవేరులతో చేతులు జోడించి నిలిచిన ఆయన రాగి విగ్రహము నేటికిని ఆలయమున నున్నది. రాజ్యమంతయు తనకు మ్రొక్కుచుండగా, తాను ఎవ్వరికి మ్రొక్కవలెనో ఆయన మరువలేదు.

అట్టి రాయలు తన కావ్యమున యామునాచార్యుల కథను విస్తరించి చెప్పెను. యామునులు నాథమునుల మనుమడు. బాల్యముననే రాజసభలో వాదమున ప్రతిపక్షిని జయించి అర్ధరాజ్యమును పొందెను. మమ్ము ఏలవచ్చినవాడను నర్థమున ఆళవందారు అను పేరును పొందెనని గురుపరంపర చెప్పుచున్నది. పుస్తకము పట్టిన చేతికి రాజదండము వచ్చినది. బాలుడు పెరిగెను, రాజ్యమును చక్కగా పాలించెను. కాని ఆ పాలనలో తాతగారు విడిచిన సంపద మరుగున పడెను.

అప్పుడు నాథముని శిష్యపరంపరలోని శ్రీరామమిశ్రులు ఒక యుపాయము పన్నిరి. రాజదర్శనము సులభము కానందున, ప్రతిదినమును రాజుగారి వంటయింటికి అలర్కశాకమను ఆకుకూర నిచ్చుచు వచ్చిరి. కొంతకాలమునకు మానివేసిరి. కూర కనబడలేదేమని రాజు విచారించెను. అట్లు దర్శనము దొరికెను. “రాజా, మీ తాతగారు దాచిన నిధి యొకటి రెండు నదుల నడుమ నున్నది. ఒక పాము దానిని కాచుచున్నది. చూపుటకు వచ్చితిని” అని శ్రీరామమిశ్రులు విన్నవించిరి. నిధి యనగానే రాజు వెంట బయలుదేరెను. రెండు నదులు కావేరియు కొల్లిడమును. పాము ఆదిశేషుడు. నిధి శ్రీరంగనాథుడు. ఆ పాదములను చూచిన పిదప యామునులకు అర్ధరాజ్యము బరువుగా తోచెను. కుమారునకు రాజనీతి బోధించి రాజ్య మొప్పగించి శ్రీరంగము చేరెను. ఆముక్తమాల్యదలోని ప్రసిద్ధమైన రాజనీతి యంతయు, దిగిపోవుచున్న రాజు ఎక్కుచున్న రాజునకు చెప్పిన మాటయే యని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దిగుట తెలిసినవాడే ఎక్కుట నేర్పగలడు.

యామునుల తరువాతి కథయు ఇట్టిదే. ఆయన మనసులోని వారసుడు శ్రీరంగమున లేడు. కాంచీపురమున యాదవప్రకాశుడను వేరొక మతాచార్యుని యొద్ద చదువుకొనుచుండెను. ఆయనయే భగవద్రామానుజులు. మహాపూర్ణులు ఆయనను వెంటబెట్టుకొని శ్రీరంగము చేరునప్పటికి యామునులు పరమపదించియుండిరి. వారి చేతి మూడు వ్రేళ్ళు ముడుచుకొనియుండెను. బ్రహ్మసూత్రములకు భాష్యము వ్రాయుట మొదలైన మూడు కార్యములను తాను నెరవేర్చెదనని రామానుజులు ప్రతిజ్ఞ చేయగా, ఒక్కొక్క ప్రతిజ్ఞకు ఒక్కొక్క వ్రేలు విచ్చుకొనెనని గురుపరంపర. ఆయనకు ముందుగా వచ్చినది పీఠము కాదు, తీర్పవలసిన మూడు ఋణములు. 1017లో అవతరించిన ఆ ఆచార్యునకు హైదరాబాదు సమీపమున ముచ్చింతలలో నిర్మించిన 216 అడుగుల విగ్రహమును 2022లో ఆవిష్కరించిరి. ఆ విగ్రహమును చూడబోవు యాత్రికులు దాని యెత్తును కొలుచునపుడు ఆ మూడు వ్రేళ్ళను కూడ స్మరింపవలెను.

గోలకొండ చెప్పిన సాక్ష్యము

ఇవన్నియు పురాణములందలివి, దూరదేశములందలివి యని యెవ్వరైన అనవచ్చును. బొంతపల్లికి ఎంతో దూరము లేని గోలకొండకోటయే ఇట్టి కథకు వేదికయైనది.

అబ్దుల్లా కుతుబ్ షాకు కుమారులు లేరు, కుమార్తెలు మాత్రమే యుండిరి. మూడవ కుమార్తెకు నిశ్చయించిన వివాహము, అల్లుండ్ర కలహముచే ఆఖరిక్షణమున తప్పిపోయెను. అప్పుడు రాజవంశమునకు దూరపుచుట్టమై, షా రాజు అను సూఫీగురువు ఆశ్రమమున ఏండ్ల తరబడి ఫకీరువలె కాలము గడుపుచున్న అబుల్ హసన్‌ను పిలిపించి పెండ్లిపీట లెక్కించిరి. 1672లో అతడే గోలకొండ సుల్తానయ్యెను. మన ప్రజలు తానీషా యని పిలుచునది ఆయననే. ఏనుగు మాల కథ మన గడ్డపై నిజముగా జరిగినదన్నమాట.

తానీషా అక్కన్న మాదన్నలకు రాజ్యభార మొప్పగించెను. కూచిపూడి అగ్రహారమును భాగవతులకు ఇచ్చినవాడు ఆయనయే యని సంప్రదాయము. ఆయన కాలముననే అక్కన్న మాదన్నల మేనల్లుడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. ఈ గోపన్నయు బంధుత్వముచే పదవి పొందినవాడే. భద్రాచలమున సీతారామచంద్రులకు కోవెల కట్టించుటకై ప్రభుత్వమునకు చెల్లవలసిన ఆరు లక్షల శిస్తును ఆయన వెచ్చించెను. గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు గడపెను. తుదకు రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ అను పేర్లతో తానీషా పడకటింటికి వచ్చి, ఆరులక్షల మాడలు లెక్కించి యిచ్చి, రసీదు వ్రాయించుకొని, దానిని రామదాసు తలగడ క్రింద పెట్టి అంతర్ధానమైరని భక్తలోకము విశ్వసించుచున్నది.

ఈ కథను మనము రామదాసు భక్తికి, రాముని కరుణకు నిదర్శనముగా చెప్పుకొందుము. అది యుక్తమే. కాని ఒక్క విషయము ఆలోచింపుడు. ఖరుని, రావణుని సంహరించిన స్వామికి చెరసాల తలుపు బద్దలుకొట్టుట ఒక కార్యమా? సుల్తాను మనస్సు మార్చి అప్పును రద్దు చేయించుట కష్టమా? స్వామి అట్లు చేయలేదు. రూపాయికి రూపాయి చెల్లించెను. రసీదు తీసికొనెను. భక్తుడు తన కొరకే వెచ్చించిన సొమ్మైనను, అది ప్రజలది, రాజుది. ఒప్పగించిన సొమ్మునకు లెక్క తీరవలెను. భరతుని లెక్క చూచిన రాముడు రామదాసు లెక్కను తానే తీర్చెను. గుడి కట్టినవానికే ఈ నియమము తప్పలేదన్నచో, ఇల్లు కట్టుకొనువానికి, కొడుకు పెండ్లి చేయువానికి ఎట్లు తప్పును?

తానీషా కథకు ముగింపు కూడ వినదగినది. 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి తరువాత, లోపలివారి ద్రోహముచే కోట ప్రవేశించినవి. తన్ను బంధింప వచ్చిన మొఘలు సర్దారుల యెదుట సుల్తాను నెమ్మదిగా భోజనము చేయుచుండెనని ఖాఫీఖాన్ అను చరిత్రకారుడు వ్రాసినాడు. వారు ఆశ్చర్యపడగా, తాను పేదరికమును చూచిన వాడననియు, తలవని తలంపుగా దైవమే రాజ్యమిచ్చెననియు, ఆ దైవమే తీసికొన్నచో దుఃఖింపననియు భావము వచ్చునట్లు పలికెనట. తరువాత దౌలతాబాదు కోటలో బందీగానే మరణించెను. మతము వేరైనను, ఈ మాటలో భరతుని నందిగ్రామపు వాసన కలదు. అనుకొనకుండ వచ్చినదని గుర్తున్నవానికి అది పోవునప్పుడు గుండె పగులదు. నేటికిని శ్రీరామనవమినాడు భద్రాద్రి కల్యాణమునకు ప్రభుత్వము తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రములు వచ్చుచున్నవి. ఆ యాచారమును తానీషాయే ఆరంభించెనని చెప్పుదురు. రాజ్యము పోయినది, వంశము పోయినది, ముత్యములు మాత్రము మిగిలినవి. తనకై యుంచుకొన్నది నశించెను, స్వామికి అర్పించినది నిలిచెను.

మన యింటి సింహాసనములు

గృహస్థులారా, మనకు రాజ్యములు లేవు. అయినను అకస్మాత్తుగా వచ్చిపడు పీఠములు మన యిండ్లలోను కలవు. పటాన్‌చెరువు, బొల్లారము, బొంతపల్లి పరిసరములలో 1970వ దశకమునుండి పరిశ్రమలు వెలసినవి. నలుమూలలనుండి కుటుంబములు వచ్చి ఇక్కడ స్థిరపడినవి. ఇట్టి చోట నిన్నటివాడు నేడు వేరొకడగుట నిత్యము జరుగుచుండును.

తండ్రి ఉద్యోగములో నుండగా మరణించును. ఇరువదియేండ్ల కుమారునకు కారుణ్య నియామకముపై ఉద్యోగము వచ్చును. ఆ జీతము ఎవ్వరిది? కాగితముపై అతని పేరున్నది, కాని అది తండ్రి ప్రాణమునకు బదులుగా వచ్చినది. అందు తల్లి అన్నము, చెల్లెలి చదువు ఇమిడియున్నవి. మొదటి జీతమును తల్లి చేతిలో నుంచువాడు పాదుకలను తలదాల్చినవాడే. పెండ్లియైన రెండవ యేట తల్లిని వేరుగా వండుకొమ్మనువాడు, యజ్ఞమునకు పిలువవలసినవారిని పిలువని దక్షుడు.

తాత దున్నిన బీడుభూమి రహదారి ప్రక్కకు వచ్చును. ఎకరము వెల ఎవ్వరును ఊహింపనంత పెరుగును. ఏ శ్రమయు చేయని మనుమడు ఒక్కనాటికి ధనవంతుడగును. భూమితోపాటు ఊరి చెరువు, కాలువ, గాలి కూడ అతనికి వారసత్వముగా వచ్చినవే. ఈ ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలముల వివాదము 1990లో సుప్రీంకోర్టు గడప నెక్కినది. నక్కవాగు నీరు మంజీరలో కలియును. మన పూర్వులు మనకు త్రాగదగిన నీటి నొప్పగించిరి. మనము మన పిల్లలకు ఎట్టి నీటి నొప్పగించుచున్నాము? పదిరెట్లు చేయుట అటుండనిండు, ఉన్నంత యైనను మిగిల్చితిమా?

నిన్నటివరకు తోడివారితో కలిసి అన్నపు డబ్బా విప్పిన కార్మికుడు నేడు షిఫ్టునకు అధికారి యగును. అతనికి వచ్చినది కుర్చీ యని అతడు తలచును. నిజమునకు అతనికి ఒప్పగింపబడినవి పదిమంది ప్రాణములు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారము పారిశ్రామికవాడలో జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా మరణించిరి. దాని కారణములను నిర్ణయించుట అధికారుల పని. కాని ఆ వార్త విని కన్నీరు పెట్టిన ప్రతి యింటివాడును, తన చేతిక్రింద పనిచేయువారు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరిరా యని ప్రతిదినమును లెక్క చూచుకొనవలెను. ఇది భరతుని లెక్కకు తక్కువ కాదు.

ఇంకొక పీఠము కలదు. తెలంగాణ గ్రామపంచాయతులలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. ఇల్లు దాటి ఎరుగని గృహిణి ఒక్కనాడు సర్పంచి యగును. అనేక గ్రామములలో ఆమె సంతకము చేయగా, భర్తగారు సభ నడుపుదురు. ఇట్టివారు కొందరు నవ్వుచు, “మేము భరతునివలె ఆమె తరఫున పాలించుచున్నాము” అందురు. అది పొరపాటు. రాముడు అడవిలో నుండెను గనుక భరతుడు పాలించెను, తిరిగిరాగానే ఒప్పగించెను. ఇక్కడ పట్టము పొందిన తల్లి ఎదుటనే యున్నది. ఆమెను కూర్చుండనిచ్చి, ప్రక్కన నిలిచి చామరము వీచుటయే ఇక్కడి భరతధర్మము.

మూడు ప్రశ్నలు

కావున అనుకొనకుండ అధికారము ప్రాప్తించినవారు ప్రతిదినమును మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది నాకు ఎవ్వరిచ్చిరి? ఎవ్వరి తరఫున దీనిని నడుపుచున్నాను? తిరిగి ఎవ్వరికి, ఏ స్థితిలో ఒప్పగింతును? మొదటి ప్రశ్న గర్వమును పోగొట్టును. రెండవది అన్యాయమును ఆపును. మూడవది లెక్కను సరిచేయును.

శ్రీవైష్ణవుల కిది కొత్త కాదు. ప్రతి కర్మకు ముందును వెనుకను సాత్త్విక త్యాగము చేయు సంప్రదాయము మనది. భగవంతుడే తనవాడైన ఈ జీవునిచే, తన ప్రీతి కొరకు, తన పనిని చేయించుకొనుచున్నాడని మనము పలుకుదుము. సంధ్యావందనమునకు చెప్పెడి ఈ మాటను ఉద్యోగమునకు పోవునపుడు, చెక్కుపై సంతకము చేయునపుడు, ఇంటి పెత్తనము చేతికి వచ్చినపుడు కూడ చెప్పుకొన్నచో చాలును. కురుక్షేత్రమున పార్థసారథి అర్జునునకు నిమిత్తమాత్రుడవు కమ్మని చెప్పినదియు ఇదియే. నిమిత్తమాత్రుడనగా పని మానుకొన్నవాడు కాడు. పని యంతయు చేసి, ఫలము ఎవ్వరిదో ఎరిగినవాడు.

శరీరమును, ప్రాణమును, బుద్ధిని మనము కోరి పొందలేదు. ఈ నరజన్మయే మనకు అనుకొనకుండ వచ్చిన సింహాసనము. తల్లి గర్భమునుండి వచ్చినప్పుడు మన చేతిలో ఏ అర్హతాపత్రమును లేదు. కరుణయను ఏనుగు మన మెడలో మాల వేసినది. దీనికిని ఒకనాడు లెక్క ఒప్పగింపవలసియున్నది. ఆనాడు “స్వామీ, నీవిచ్చినది ఇదిగో, చూచుకొనుము” అని భరతునివలె నిర్భయముగా చెప్పగల భాగ్యమును శ్రీసీతారామచంద్రప్రభువు మన కెల్లరకును అనుగ్రహించుగాక!

సర్వేజనాః సుఖినో భవంతు.